పదిమంది ఉన్నచోట ఎవరూ కదలరెందుకు?

రోడ్డు మీద ఎవరో దెబ్బలు తగిలి పడి ఉంటారు. చుట్టూ జనం మూగుతారు. కొందరు అయ్యో అంటారు, కొందరు ఫోన్లో వీడియో తీస్తారు, అంబులెన్సుకి కబురు వెళ్లేసరికి మాత్రం ఆలస్యమైపోతుంది. మర్నాడు పేపర్లో ‘మంటగలిసిన మానవత్వం’ అని శీర్షిక పడుతుంది. అది చదివి, జనంలో జాలీ దయా చచ్చిపోయాయని ఒక నిట్టూర్పు విడిచి పేజీ తిప్పేస్తాం. అక్కడ నిలబడ్డవాళ్లు మనసులేని మనుషులనీ, మనమే ఉండి ఉంటే అలా చేసేవాళ్లం కాదనీ ఆ నిట్టూర్పుకి అర్థం. ఎదుటివాడు ఎందుకలా చేశాడని ఆలోచించినప్పుడు మన చూపు ముందుగా అతని గుణం మీదికే పోతుంది. అతను నిలబడ్డ చోటు, పక్కనున్న మనుషులు, అతని తొందర, అతని భయం మన కంటికి ఆనవు. మన సంగతి వచ్చేసరికి మాత్రం ‘ఏం చేస్తాం, పరిస్థితి అలా వచ్చింది’ అంటాం. ఆ మాట మనకి ఎంత వర్తిస్తుందో ఆ గుంపులోని వాళ్లకీ అంతే వర్తిస్తుందని సాంఘిక మనస్తత్వ శాస్త్రం అరవై ఏళ్లుగా చెబుతూ వస్తోంది. గుంపు కదలకపోవడానికి చాలావరకు ఆ గుంపే కారణం.

ఈ పరిశోధనకి దారితీసింది ఒక హత్య. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ ప్రాంతంలో కిటీ జెనోవీస్ అనే 28 ఏళ్ల యువతిని ఆమె ఇంటి దగ్గరే ఒక దుండగుడు కత్తితో పొడిచి చంపాడు. రెండు వారాల తర్వాత న్యూయార్క్ టైమ్స్ పత్రిక, 38 మంది ఇరుగుపొరుగు కిటికీల్లోంచి చూస్తూ ఊరుకున్నారని మొదటి పేజీలో రాసింది. అమెరికా ఉలిక్కిపడింది. మహానగరం మనుషుల్ని మొద్దుబార్చిందని పెద్దలు ఉపన్యాసాలిచ్చారు. జాన్ డార్లీ, బిబ్ లటానే అనే ఇద్దరు యువ శాస్త్రవేత్తలు మాత్రం ప్రశ్నని తిరగేశారు. అంతమంది ఉండి కూడా ఎందుకు కదల్లేదని లోకమంతా అడుగుతుంటే, అంతమంది ఉండబట్టే కదల్లేదేమోనని వాళ్లకి అనుమానం వచ్చింది.

ఆ అనుమానాన్ని తేల్చుకోవడానికి చేసిన ప్రయోగాన్ని 1968లో ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్ని విడివిడి గదుల్లో కూర్చోబెట్టి, చదువుల్లో తమకి ఎదురయ్యే ఇబ్బందుల గురించి ఇంటర్‌కమ్‌లో తోటివాళ్లతో మాట్లాడమన్నారు. నిజానికి అవతలి గొంతులన్నీ ముందే రికార్డు చేసి పెట్టినవి. అందులో ఒకతను తనకి అప్పుడప్పుడు ఫిట్స్ వస్తుంటాయని చెబుతాడు. కాసేపటికి అతని మాట తడబడుతుంది, ఊపిరాడనట్టు సాయం కోసం అర్థిస్తూ గొంతు ఆగిపోతుంది. ఇది వింటున్నది తానొక్కరే అనుకున్న విద్యార్థుల్లో 85 శాతం మంది ఆ గొంతు ఆగేలోపే బయటికి వచ్చి చెప్పారు. తనతోపాటు ఇంకొకరు వింటున్నారని అనుకున్నప్పుడు అది 62 శాతానికి తగ్గింది. మరో నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్లలో 31 శాతమే కదిలారు. ఈ అంకెలు పాఠ్యపుస్తకాలకి ఎక్కాయి గానీ, వాటికన్నా గుర్తుంచుకోదగ్గది కదలనివాళ్ల అవస్థ. ప్రయోగం నడిపే మనిషి లోపలికి వెళ్లేసరికి చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులకి చెమట పట్టింది. అతనికెలా ఉంది, ఎవరైనా చూస్తున్నారా అని ఎదురు అడిగారు. నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నవాళ్లు కారు వాళ్లు. వెళ్లాలా వద్దా అన్న దగ్గరే ఇరుక్కుపోయారు. ఒక్కరే ఉన్నప్పుడు బాధ్యత పూర్తిగా ఒకరి నెత్తినే ఉంటుంది. ఐదుగురున్నప్పుడు అది ఐదు వాటాలవుతుంది, ఒక్కో వాటా కుర్చీలోంచి లేపేంత బరువుండదు.

అదే ఏడాది వెలువడిన మరో ప్రయోగంలో కాపాడాల్సిన మనిషంటూ ఎవరూ లేరు. గదిలో కూర్చుని ఫారం నింపుతున్న విద్యార్థి మీదికి గోడలోని సందులోంచి పొగ వదిలారు. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది లేచి వెళ్లి చెప్పారు. పక్కన ఇద్దరు ఏమీ పట్టనట్టు రాసుకుంటూ కూర్చుంటే (వాళ్లు పరిశోధకులు పెట్టిన మనుషులు) పదిమందిలో ఒక్కరే చెప్పారు. మిగతావాళ్లు దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ, చేత్తో పొగని తోసుకుంటూ ఫారం పూర్తి చేశారు. అది ఏసీలోంచి వచ్చిన ఆవిరి అనుకున్నామని తర్వాత కొందరు చెప్పారు. ప్రమాదం తమకే కాబట్టి ఇక్కడ స్వార్థమన్న నింద వేయడానికి వీల్లేదు. జరిగింది ప్రమాదమో కాదో తెలియనప్పుడు ప్రతివాళ్లూ పక్కవాళ్ల ముఖం చూస్తారు. పక్కవాళ్లూ అదే పని మీద ఉంటారు, కంగారు బయటపడకుండా ముఖం బిగబట్టుకుని మరీ. అందరి నిబ్బరమూ నటనే, కానీ చూసేవాళ్లకి అది నిజంలాగే కనిపిస్తుంది. పక్కవాళ్లని చూసే మీరు ఊరుకున్నారా అని అడిగితే, వాళ్ల ప్రభావం తమ మీద ఏమీ లేదనే చెప్పారు. పరిస్థితికున్న బలమంతా అక్కడే ఉంది. అది మనచేత పని చేయిస్తుంది గానీ, తానే చేయిస్తున్నట్టు తెలియనివ్వదు.

మంచి మనసు, ధర్మచింత ఉంటే ఇవన్నీ దాటిపోవచ్చు కదా అనిపిస్తుంది. 1973లో డార్లీ, డానియెల్ బాట్సన్ ఆ సంగతీ చూశారు, అదీ ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న విద్యార్థుల మీద. పక్క భవనానికి వెళ్లి ఒక ప్రసంగం చెయ్యమని పంపించారు. కొందరికిచ్చిన అంశం బైబిల్లోని మంచి సమరయుడి కథ, అంటే దారిలో దెబ్బతిని పడి ఉన్న పరాయివాణ్ని ఆదుకున్నవాడి కథ. వాళ్లు వెళ్లే దారిలో ఒక మనిషి గుమ్మం దగ్గర వాలిపోయి దగ్గుతూ ఉంటాడు. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం మంది ఆగారు. ‘ఇప్పటికే ఆలస్యమైంది, త్వరగా వెళ్లండి’ అని తొందరపెట్టి పంపినవాళ్లలో 10 శాతమే ఆగారు. సమరయుడి కథ చెప్పబోతున్నారా, వేరే విషయం మాట్లాడబోతున్నారా అన్నదానివల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ కథ చెప్పడానికి పరిగెత్తుతూ పడి ఉన్నవాణ్ని దాటుకుని పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లని వేషధారులనుకుంటే పొరపాటు. ఎవరో తమకోసం ఎదురుచూస్తున్నారు, మాట ఇచ్చారు, ఆలస్యమవుతోంది. ఆ క్షణంలో మనసుని కమ్మేసింది అదే.

ఈ వాదనకి బలమైన అభ్యంతరాలున్నాయి. మొదటిది, అసలు కథే సరైంది కాదు. జెనోవీస్ హత్యని తర్వాత పరిశోధించినవాళ్లకి 38 మంది మొత్తం హత్యని కళ్లారా చూశారనడానికి ఆధారం దొరకలేదు. చాలామందికి వినిపించింది అరుపులే, అవి ఏమిటో వాళ్లకి అర్థం కాలేదు. సోఫియా ఫారర్ అనే పొరుగింటావిడ కిందికి పరిగెత్తి, ప్రాణం పోతున్న కిటీని చేతుల్లోకి తీసుకుంది. హంతకుడు జైల్లో చనిపోయాడని 2016లో వార్త రాస్తూ న్యూయార్క్ టైమ్స్, తన పాత కథనం సాక్షుల సంఖ్యనీ వాళ్లు చూసినదాన్నీ విపరీతంగా పెంచి చెప్పిందని ఒప్పుకుంది. అయితే కథనం కూలినంతమాత్రాన ప్రయోగాలు కూలలేదు, అవి దానిమీద ఆధారపడి నిలబడలేదు. రెండో అభ్యంతరం దీనికన్నా గట్టిది. లాంకాస్టర్, ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్ నగరాల్లో వీధి కెమెరాలకి చిక్కిన 219 గొడవల్ని కొందరు పరిశోధకులు పరిశీలించి 2019లో ఫలితాలు వెల్లడించారు. పదింట తొమ్మిది గొడవల్లో చుట్టుపక్కలవాళ్లు కనీసం ఒక్కరైనా కలగజేసుకున్నారు. జనం ఎక్కువగా ఉన్నకొద్దీ ఎవరో ఒకరు ముందుకొచ్చే అవకాశం పెరిగింది కూడా.

ఇది పాత ప్రయోగాల్ని కొట్టివేస్తుందా అంటే, నా లెక్కలో వాటికి హద్దులు గీస్తుంది. డార్లీ, లటానే లెక్కపెట్టింది ఒక్కో మనిషి కదిలే అవకాశాన్ని. కెమెరాలు చూపింది గుంపు మొత్తంలో కనీసం ఒక్కరు కదిలే అవకాశాన్ని. యాభైమందిలో ఒక్కొక్కరూ వెనకాడినా ఒకరు ముందుకు రావడం అసాధ్యం కాదు. పైగా నడివీధిలో కొట్టుకుంటుంటే అది గొడవో కాదో అన్న సందేహం ఉండదు, జనం ఒకరినొకరు చూసుకోగలరు, మాట్లాడుకోగలరు. మూసిన గదిలో ఇంటర్‌కమ్ ముందు కూర్చున్నవాడికి ఆ వీలు లేదు. న్యూయార్క్ మెట్రో రైల్లో చేసి 1969లో ప్రచురించిన ప్రయోగంలోనూ, చేతికర్రతో కూలబడ్డ మనిషికి దాదాపు ప్రతిసారీ ఎవరో ఒకరు సాయపడ్డారు. మందు వాసన వేసే మనిషి పడితే మాత్రం సగం సార్లే సాయం దొరికింది. అంటే పరిస్థితి మారితే ఫలితం మారుతోంది. వాదన కూడా అదే. జనం ఎప్పుడూ చేతులు ముడుచుకునే ఉంటారన్నది పత్రికలు పెంచి పోషించిన అతిశయోక్తి, ఆ సిద్ధాంతాన్ని అలా అరగదీసినందుకు పాఠ్యపుస్తకాలకీ కొంత బాధ్యత ఉంది.

పడ్డవాడు ఎవరన్నదీ పరిస్థితిలో భాగమే. ఇంగ్లండులో చేసి 2005లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మాంచెస్టర్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు అభిమానుల ఎదుట ఒకతను జారిపడతాడు. వాళ్ల జట్టు చొక్కాలో ఉంటే పరిగెత్తుకొచ్చారు, ప్రత్యర్థి లివర్‌పూల్ చొక్కాలో ఉంటే చాలామంది ఆగలేదు. తమని ఒక జట్టు మనుషులుగా కాక ఫుట్‌బాల్ అభిమానులుగా తలుచుకునేట్టు చేసి మళ్లీ చూస్తే, లివర్‌పూల్ చొక్కావాడికీ సాయం అందింది. అభిమానులు అదే జట్టువాళ్లు, ‘మనవాడు’ అన్న గీత మాత్రం కాస్త అవతలికి జరిగింది. మన దగ్గర ఆ గీత చొక్కాతో గీసేది కాదు. ఊరు, కులం, మతం, బట్టల తీరు అన్నీ చూసే గీస్తాం, ‘ఎవరి తాలూకు?’ అని అడిగి మరీ.

మన రోడ్ల మీద ఇంకొకటి కూడా ఉంది: భయం, అదీ ఊహించుకున్నది కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. రోడ్డు భద్రత కోసం పనిచేసే సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2013లో చేయించిన సర్వేలో, దెబ్బతిన్నవాళ్లకి సాయపడటానికి వెనకాడతామని నలుగురిలో ముగ్గురు చెప్పారు. అలా చెప్పినవాళ్లలో 88 శాతం మంది చూపిన కారణం పోలీసుల ప్రశ్నలు, కోర్టుల చుట్టూ తిరగడం. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అన్న మాట వెనక ఇంత లెక్క ఉంది. రోజుకూలీ పోగొట్టుకుని సాక్షిగా వాయిదాలకి తిరిగే మనిషికి మానవత్వం గురించి పాఠం చెప్పడం సులువు, ఆ వాయిదాలు లేకుండా చెయ్యడం కష్టం. కష్టమైన పనే చివరికి కొంత జరిగింది. తెలుగువారైన జస్టిస్ ఎం. జగన్నాథరావు అధ్యక్షతన లా కమిషన్ 2006లోనే తన 201వ నివేదికలో ప్రమాద బాధితులకి తక్షణ వైద్యం తప్పనిసరి చేసే చట్టం కావాలంది. సేవ్‌లైఫ్ వేసిన కేసులో 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, సాయపడినవాళ్లకి రక్షణనిచ్చే మార్గదర్శకాలు దేశమంతటా పాటించి తీరాలంది. 2019లో మోటారు వాహనాల చట్టంలో ఆ రక్షణ కల్పించే 134-ఏ సెక్షన్ చేరింది. మనుషుల గుణాన్ని మార్చడానికి ఎవరూ ప్రయత్నించలేదు, వాళ్లు నిలబడ్డ చోటుని మార్చారు. 2005లో హైదరాబాదులో మొదలైన 108 అంబులెన్సు సేవా అలాంటిదే. గాయపడ్డవాణ్ని సొంత బండెక్కించే తెగువ లేకపోయినా, మూడంకెలు నొక్కితే చాలు.

అంతా పరిస్థితిదే అయితే తప్పు ఎవరిదీ కాదా, చేతకానితనానికి శాస్త్రం సాకు అందిస్తోందా అని కోపంగా అడిగేవాళ్లున్నారు. ఆ కోపంలో న్యాయముంది. 31 శాతం మంది కదిలారంటే, అదే గదిలో అదే ఒత్తిడిని దాటినవాళ్లు ఉన్నారన్నమాట. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, ఆ తేడాని కాదనే శాస్త్రం తప్పుడు శాస్త్రం. అయితే దాటినవాళ్లు ఒక్కరుంటే ఏం జరుగుతుందో చూడండి. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్ 1960ల తొలినాళ్లలో చేసిన ప్రసిద్ధ ప్రయోగంలో, ప్రయోగం నడిపేవాడు చెప్పాడని 40 మందిలో 26 మంది ఎదుటి మనిషికి 450 వోల్టుల దాకా షాక్ ఇస్తున్నామనుకుంటూనే ఇచ్చారు. పక్కన కూర్చున్న ఇద్దరు మధ్యలో మేం చెయ్యమని లేచిపోయేలా మార్చి చేస్తే, చివరిదాకా వెళ్లినవాళ్లు 40 మందిలో నలుగురే. పక్కవాళ్ల పరిస్థితిలో మీరూ ఒక భాగం. మీరు చూస్తూ నిలబడితే వాళ్లు నిలబడటానికి మీరొక కారణం, మీరు వంగి చెయ్యి అందిస్తే వాళ్లు వంగడానికీ మీరే కారణం. ఈ శాస్త్రం బాధ్యతని కొట్టివేస్తోందనేవాళ్లు ఈ రెండో సగాన్ని చదవకుండా వదిలేస్తున్నారు.

కాబట్టి ఈసారి అలాంటి గుంపులో మీరుంటే ‘ఎవరైనా ఫోన్ చెయ్యండి’ అని గాలిలోకి అరవకండి, ఆ ‘ఎవరైనా’ అక్కడ ఉండరు. ఒక మనిషిని చూసి, వేలు చూపించి చెప్పండి: ‘నీలం చొక్కా తమ్ముడూ, నువ్వు 108కి ఫోన్ చెయ్యి. అన్నా, నువ్వు బళ్లు ఆపు.’ వాటాలైపోయిన బాధ్యత అప్పుడు మళ్లీ ఒక మనిషి నెత్తి మీదికి వస్తుంది. పోలీసుల భయం ఉంటే ఇది గుర్తుంచుకోండి: గాయపడ్డవాళ్లని ఆస్పత్రిలో చేర్చినవాళ్లని పేరు, చిరునామా, ఫోన్ నంబరు చెప్పి తీరాలని బలవంతపెట్టడానికి చట్టప్రకారం ఎవరికీ వీల్లేదు.