తెర మీది బైసెక్సువల్ పాత్ర: మనిషా, మలుపా?

స్త్రీనీ పురుషుణ్ణీ కూడా ప్రేమించగల మనిషి టెలివిజన్ కథలో కనిపించినప్పుడు మనం అడగవలసిన మొదటి ప్రశ్న నీతికి సంబంధించింది కాదు. ఆ పాత్రకు ఒక బతుకు ఉందా, లేక కథకు మలుపు కావలసి వచ్చి దాన్ని పుట్టించారా అన్నదే ప్రశ్న. నేను చూసినవాటిలో ఎక్కువ భాగం రెండో కోవకే చెందుతాయి.

ముందు మాట గురించి కొంచెం చెప్పాలి. మన పత్రికల్లో చాలాకాలం నడిచిన 'స్వలింగ సంపర్కం' అనే మాట ప్రేమను ఒక చేష్ట స్థాయికి కుదించింది. 'ద్విలింగ' అంటే వృక్షశాస్త్రం చదివినవారికి కేసరాలూ అండకోశమూ ఒకే పువ్వులో ఉండడం గుర్తుకొస్తుంది. ఇక్కడ సంగతి అది కాదు. ఇష్టం ఎవరి మీద కలుగుతుందన్నది వేరు, శరీర నిర్మాణం వేరు. అందుకే యువతరం నోట నలిగిన బైసెక్సువల్ అన్న మాటనే వాడుతున్నాను.

సీరియల్ అనే రూపానికి ఒక ఆకలి ఉంది. ప్రతి భాగం చివరా ప్రేక్షకుణ్ణి సందేహంలో వదలాలి. ఆ సందేహానికి అన్నిటికన్నా చవకైన సరుకు ముక్కోణపు ప్రేమ. ఇద్దరిలో ఎవరినైనా ప్రేమించగల పాత్ర దొరికితే ముక్కోణాలకు కొదవ ఉండదు. అలా 'ఇద్దరినీ ప్రేమించగలగడం' కాస్తా 'ఎవరినీ తేల్చుకోలేకపోవడం' అవుతుంది, అక్కణ్ణుంచి 'మోసం' అవుతుంది. ఇది ఒక రచయిత దురుద్దేశం మాత్రమే కాదు. సరుకుగా తయారయ్యే కథ తన అవసరం కొద్దీ మనిషిని వంచుతుంది.

అమెరికాలో 1991 ఫిబ్రవరిలో 'ఎల్.ఎ. లా' అనే ధారావాహికలో సి.జె. లాంబ్ అనే న్యాయవాది తన సహోద్యోగిని ముద్దు పెట్టుకుంది. గగ్గోలు పుట్టింది. కాని ఆ ఇద్దరి కథ ఎక్కడికీ సాగలేదు. గగ్గోలే సరుకు, మనుషులు దాని అట్టపెట్టె. 2017లో 'బ్రూక్లిన్ నైన్-నైన్'లో రోసా డియాజ్ అనే పోలీసు పాత్ర వచ్చేసరికి కొంత మార్పు కనిపిస్తుంది. రేపు తాను పెళ్లాడేది మగవాణ్ణయినా ఆడమనిషినయినా తాను బైసెక్సువల్‌గానే ఉంటానని ఆమె అమ్మానాన్నల ముందు చెబుతుంది. పక్కన ఎవరున్నారో చూసి మనిషికి పేరు పెట్టే అలవాటును ఆ సంభాషణ నేరుగా కాదంటుంది. ఆ పాత్ర వేసిన స్టెఫనీ బియాట్రిజ్ తానూ బైసెక్సువల్‌నని బహిరంగంగా చెప్పిన నటి.

మన దేశంలో 2019లో మొదలైన 'ఫోర్ మోర్ షాట్స్ ప్లీజ్'ను చూడండి. లూధియానా నుంచి ముంబయి వచ్చిన ఉమంగ్ ఒక జిమ్ శిక్షకురాలు. సమారా కపూర్ అనే సినీతారతో ఆమె ప్రేమ పెళ్లిదాకా వస్తుంది. రెండో సీజన్ చివర ఉమంగ్ ఆ పెళ్లి వద్దనుకుంటుంది. మగవాడి కోసం కాదు, సమారా నీడలో తాను లేకుండా పోతున్నానని. ఇది మంచి రచన. జీతం తీసుకునే శిక్షకురాలికీ, జీతం ఇచ్చే తారకూ మధ్య ప్రేమ పుడితే అందులో యజమాని ఎవరన్న ప్రశ్న అక్కడ ఉంది. కాని సిరీస్ దాన్ని పట్టించుకోదు. మెరిసే గాజు గదులూ, ఖరీదైన మద్యమూ ఆ ప్రశ్నను కప్పేస్తాయి.

మంజు కపూర్ నవల 'ఎ మ్యారీడ్ వుమన్' ఆధారంగా 2021లో 'ది మ్యారీడ్ వుమన్' సిరీస్ వచ్చింది. కాలం బాబ్రీ మసీదు కూల్చివేత రోజులు. నవలలో ఆస్థా అనే ఢిల్లీ గృహిణి మొదట ఐజాజ్ అనే వీధినాటక కళాకారుడి వైపు ఆకర్షితురాలవుతుంది. అతణ్ణి మతోన్మాదం బలి తీసుకున్నాక అతని భార్య పీపీలికను ప్రేమిస్తుంది. చివరకు పీపీలిక అమెరికా వెళ్లిపోతుంది, ఆస్థా భర్త ఇంట్లోనే మిగిలిపోతుంది. ఇక్కడ ప్రేమకు చుట్టూ దేశమూ, వంటిల్లూ, మతమూ ఉన్నాయి. అయినా ఒక అనుమానం వదలదు. భర్త సరిగా చూసుకుని ఉంటే ఆస్థా ఆ స్త్రీని ప్రేమించేది కాదా? ఈ 'లోటు సిద్ధాంతం' పాతదే. ఇస్మత్ చుగ్తాయ్ 1942లో రాసిన 'లిహాఫ్' కథలోనూ నవాబు నిర్లక్ష్యమే బేగం జాన్‌ను పనిమనిషి రబ్బో వైపు నడిపిస్తుంది. జనానా గోడలను చూపడంలో ఆ కథకు సాటి లేదు. కాని అణచివేత ఆ పెళ్లి ఎందుకు నరకమయిందో చెబుతుంది గాని, ప్రేమ ఎందుకు పుట్టిందో చెప్పదు. రెంటినీ కలిపేస్తే ప్రేమ ఒక జబ్బు లక్షణమై కూర్చుంటుంది.

ఈ విషయంలో అభ్యుదయ శిబిరం చేతులూ పూర్తిగా శుభ్రంగా లేవు. లిహాఫ్ మీద లాహోరులో అశ్లీలత కేసు నడిచింది. 1945లో మన హైదరాబాద్‌లోనే జరిగిన ఉర్దూ అభ్యుదయ రచయితల మహాసభలో అశ్లీలతకు వ్యతిరేకంగా తీర్మానం పెట్టారు. దాన్ని ఎదిరించినవారిలో మౌలానా హస్రత్ మోహానీ ఒకరు. గడ్డం పెంచిన మౌలానాకు ఉన్న ధైర్యం కొందరు మార్క్సిస్టులకు లేకపోయింది!

తెలుగు సంగతికి వస్తే, మన డైలీ సీరియళ్లలో ఇలాంటి పాత్ర నాకు తారసపడలేదు. సినిమాలో 2018 నాటి 'అ!' ఇద్దరు స్త్రీల ప్రేమను మర్యాదగానే చూపింది. చివరకు వాళ్లు ఒక గాయపడిన మనసులోని పాత్రలని తేల్చింది. అంటే వాళ్లకు అద్దె ఇల్లు లేదు, రేషన్ కార్డు లేదు.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కోరలు పీకింది. 2023 అక్టోబర్ 17న మాత్రం స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వడానికి నిరాకరించింది. దీని భారం బైసెక్సువల్ మనిషి మీద విచిత్రంగా పడుతుంది. 'నీకు ఆడపిల్లా ఇష్టమేగా, మరి పెళ్లికేం?' అంటుంది ఇల్లు. చట్టం తెరిచి ఉంచిన తలుపు ఒక్కటే, అందులోకే అందరూ నెడతారు.

నేను ఉండే సాతంరాయిలో విమానాశ్రయపు షిఫ్టులకు వెళ్లివచ్చేవాళ్లు అద్దె గదుల్లో ఉంటారు. అలాంటి ఒక సరుకు విభాగం కార్మికుణ్ణి ఊహించండి. ఊళ్లో భార్య ఉంది, ఆమె అంటే ప్రేమే. పెళ్లికి ముందు ఒక స్నేహితుణ్ణి ప్రేమించాడు. ఆ ప్రేమా అబద్ధం కాదు. ఇప్పుడతను ఎవరినీ మోసగించడం లేదు, ఏ ముక్కోణమూ లేదు. రాత్రి షిఫ్టు దిగి బస్సులో కూర్చున్నప్పుడు పక్క సీటువాడు సెల్‌ఫోన్‌లో చూస్తున్న హాస్యపు ముక్కలో చీర కట్టిన మగవాణ్ణి చూసి బస్సంతా నవ్వుతుంది. అతనూ నవ్వుతాడు. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదని అడుగుతారు. ఇంటికి వెళ్లాక భార్యకు ఆ సంగతి చెప్పాలా వద్దా అని అతను ఏళ్ల తరబడి ఆలోచిస్తున్నాడు.