కోనేరు రామకృష్ణారావు పరిశోధన: శాస్త్రీయ పద్ధతి, చైతన్య స్వరూపం

వ్యాససంగ్రహం: ఆచార్య కోనేరు రామకృష్ణారావు పరామనోవిజ్ఞాన ప్రయోగాలలోను, చైతన్య విచారంలోను తలెత్తే ప్రమాణ సమస్యను పరిశీలించటం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ఖండనీయత, ద్విముఖత, చిత్తం, చైతన్యం, ప్రమాణం.

1. ఉపోద్ఘాతం

తత్త్వశాస్త్రం నుంచి ప్రయోగశాలకు నడిచిన తెలుగు పండితులు అరుదు. వారిలో రామకృష్ణారావు (1932-2021) ప్రముఖులు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె. బి. రైన్‌తో కలిసి పరిశోధన చేశారు. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. అనంతరకాలంలో భారతీయ తత్త్వశాస్త్ర పరిశోధన మండలికి అధ్యక్షత వహించారు. ఇంద్రియాతీత జ్ఞానం ఉన్నదా, లేదా అనే వాదం నేటికీ తెగలేదు. అయితే ఆ వాదం లేవనెత్తిన పద్ధతి సమస్య విజ్ఞానశాస్త్ర తత్త్వానికి ముఖ్యమైనది.

2. ద్విముఖత - ఖండనీయత

రైన్ ప్రయోగాలలో ఐదు గుర్తులు గల 25 కార్డులను వాడేవారు. కేవలం ఊహతో చెప్పినా సగటున ఐదు సరిపోతాయి. అంతకు మించినవి ఎక్కువగా సరిపోతే అది విశేషం. పరస్పర భిన్నమైన రెండు పరిస్థితులలో పరీక్షించినప్పుడు ఒకదానిలో ఫలితం సగటును మించటం, మరొకదానిలో సగటుకు తగ్గటం రామకృష్ణారావు గమనించారు. 1965లో దీనిని ‘ద్విముఖత’గా ప్రతిపాదించారు. రెండింటినీ కలిపి లెక్కిస్తే విశేషం మాయమవుతుంది కనుక విడివిడిగా చూడాలని ఈ ప్రతిపాదన సారాంశం.

ఇక్కడే చిక్కు ఉన్నది. ఎక్కువ వచ్చినా, తక్కువ వచ్చినా సిద్ధాంతానికి అనుకూలమే అయితే దానిని ఖండించగల ఫలితం ఏది? కార్ల్ పాపర్ దృష్టిలో ఖండనకు అవకాశం లేనిది శాస్త్రం కాదు. గణాంకపరంగానూ, రెండు దిశలనూ అంగీకరిస్తే యాదృచ్ఛికంగా అటువంటి ఫలితం లభించే సంభావ్యత రెట్టింపవుతుంది. ఏ పరిస్థితిలో ఏ దిశ అన్నది ప్రయోగానికి ముందే ప్రకటించినప్పుడు మాత్రమే ద్విముఖత పరీక్షకు నిలుస్తుంది. 1987లో ‘బిహేవియరల్ అండ్ బ్రెయిన్ సైన్సెస్’ పత్రిక రామకృష్ణారావు, జాన్ పామర్‌ల వ్యాసాన్ని, జేమ్స్ ఆల్కాక్ విమర్శను ఒకే సంచికలో ప్రచురించి చర్చకు పెట్టింది.

3. మనస్సు - చైతన్యం

పాశ్చాత్య చింతనలో, ముఖ్యంగా బ్రెంటానో సంప్రదాయంలో, మానసిక స్థితి ఎల్లప్పుడూ ఏదో ఒక విషయాన్ని గురించినదై ఉంటుంది. రామకృష్ణారావు సాంఖ్యయోగాల ఆధారంగా మనస్సును, చైతన్యాన్ని వేరుచేశారు. చిత్తం ప్రకృతి పరిణామం; విషయరహితమైన శుద్ధచైతన్యం దానికి భిన్నం. 2002లో వెలువడిన చైతన్య అధ్యయన గ్రంథంలో ఈ రెండు దృక్పథాలను తులనాత్మకంగా పరిశీలించారు.

శుద్ధచైతన్యానుభవానికి సాక్ష్యం యోగి చెప్పే మాటే. ఆ మాట స్మృతి నుంచి వస్తుంది. యోగదర్శనం ప్రకారం స్మృతి కూడా ఐదు చిత్తవృత్తులలో ఒకటి. వృత్తులు నిరోధింపబడిన స్థితిని వృత్తి ద్వారా ఎలా నిరూపించాలన్నది ఇక్కడి ప్రశ్న.

4. ముగింపు

రెండు సందర్భాలలోను సమస్య ఒక్కటే: దేనిని సాక్ష్యంగా స్వీకరించాలో, దేనిని నిరాకరించాలో ముందుగా నిర్ణయించటం. హైదరాబాదులో ఆబిడ్స్-నాంపల్లి ప్రాంతంలోని గోల్డెన్ త్రెషోల్డ్ భవనంలో 1974లో ఆరంభమైన హైదరాబాదు విశ్వవిద్యాలయం, నేడు గచ్చిబౌలిలో తత్త్వశాస్త్ర విభాగంతోపాటు నాడీ, సంజ్ఞాన శాస్త్రాల కేంద్రాన్నీ నిర్వహిస్తున్నది. తత్త్వచర్చ, ప్రయోగం ఒకే ప్రాంగణంలో సాగే ఇటువంటి చోట్ల ఈ ప్రశ్న మరింత అవసరం. రామకృష్ణారావు నిర్ణయాలను అంగీకరించనివారికి సైతం ఆయన పరిశోధన ఈ ప్రశ్నను తప్పించుకోలేనిదిగా చేసింది.