ఎక్స్‌టెన్షన్ వేసినా బాకీ బాకీయే

ఏప్రిల్ వచ్చిందంటే డాలస్‌లోనైనా న్యూజెర్సీలోనైనా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సలహా: "ఎక్స్‌టెన్షన్ వేసేయండి, అక్టోబరు దాకా నిశ్చింత." ఇందులో సగమే నిజం.

ఆ సగం ఇది. అమెరికాలో వ్యక్తిగత ఆదాయపు పన్ను రిటర్నుకు ఏప్రిల్ 15 గడువు. ఆలోగా ఫారం 4868 పంపితే అక్టోబరు 15 దాకా వ్యవధి దొరుకుతుంది. కారణం చెప్పక్కర్లేదు, ఎవరి అనుమతి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. మన దేశంలో ఇలా ముందే ఫారం పంపి గడువు పెంచుకునే వీల్లేదు. 2025లో జూలై 31ని సెప్టెంబరుకు జరిపినట్టు, ప్రభుత్వమే అందరికీ జరపాలి. ఆ అలవాటు మీద వెళ్లినవాళ్లకు అమెరికా పద్ధతి మరీ ఉదారంగా కనిపిస్తుంది.

అయితే పెరిగేది రిటర్ను గడువే. డబ్బు మాత్రం ఏప్రిల్ 15కే కట్టాలి.

ఫారం చిన్నదే. నాలుగో వరుసలో ఏడాదికి పడే పన్ను అంచనా, ఐదులో ఇప్పటికే కట్టింది, ఆరులో బాకీ, ఏడులో ఇప్పుడు కడుతున్నది. ఒకరికి పన్ను 14,000 డాలర్లు, జీతంలో పట్టుకున్నది 12,500 అనుకుందాం. బాకీ 1,500. ఫారమూ వేయక, రిటర్నూ వేయక, డబ్బూ కట్టకపోతే నెలకు 5 శాతం, అంటే 75 డాలర్ల జరిమానా. ఫారం వేసి డబ్బు కట్టకపోతే నెలకు అర శాతం, ఏడున్నర డాలర్లు. వడ్డీ ఎలాగూ నడుస్తుంది. చేతిలో డబ్బు లేనప్పుడే ఫారం మరీ అవసరమన్నమాట. చాలామంది దీన్ని తలకిందులుగా అర్థం చేసుకుంటారు.

ఇంకో మెలిక ఉంది. మొత్తం పన్నులో 90 శాతం ఏప్రిల్ 15కల్లా చేరి, మిగతాది పొడిగించిన గడువులోపల రిటర్నుతో పాటు కడితే ఆ అర శాతమూ వేయరు. పై లెక్కలో 90 శాతమంటే 12,600. ఒక్క వంద డాలర్లు ముందుగా కడితే జరిమానా తప్పుతుంది, వడ్డీ ఒక్కటే మిగులుతుంది. అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ వారి డైరెక్ట్ పేలో ఎక్స్‌టెన్షన్ కోసమని ఎంచుకుని కడితే వేరే ఫారం కూడా అక్కర్లేదు.

మనవాళ్లకు ఈ వ్యవధి నిజంగా పనికొచ్చే సందర్భాలున్నాయి. హైదరాబాదు బ్యాంకులో డిపాజిట్ల వడ్డీ ఏప్రిల్ నుంచి మార్చి లెక్కన వస్తుంది. అమెరికాకు జనవరి నుంచి డిసెంబరు లెక్క కావాలి. ఇక్కడ పన్ను లేని ఎన్ఆర్ఈ వడ్డీ కూడా అక్కడ చూపించాల్సిందే. అక్టోబరులో చదువు వీసా నుంచి హెచ్-1బీకి మారినవాళ్ల సంగతి ఇంకా చిత్రం. ఆ ఏడాదికే రెసిడెంటుగా లెక్క వేయించుకోవాలంటే, తర్వాతి ఏడాది అమెరికాలో ఉండాల్సిన రోజుల లెక్క నిండేదాకా, అంటే సుమారు జూన్ దాకా, ఆగాలి. ఎక్స్‌టెన్షన్ లేకుండా అది కుదరదు.

రాష్ట్రాల దారి రాష్ట్రాలది. టెక్సాస్‌లో ఈ పన్నే లేదు. న్యూజెర్సీలో పన్నులో 80 శాతం ముందే కట్టి ఉండాలి.

ఇంటినీ ప్రధాన ఉద్యోగాన్నీ ఇండియాకు మార్చుకున్న అమెరికా పౌరులకైతే ఫారం లేకుండానే జూన్ 15 దాకా రెండు నెలలు దొరుకుతుంది. వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే. సెలవులకు విజయవాడ వచ్చి ఉన్నంత మాత్రాన ఇది వర్తించదు.