ఎండ ముదరకముందే

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి అంటారు పెద్దలు. రోలు రాయి. ఆ రాయే పగిలేంత ఎండలో మనిషి ఒళ్ళు ఏమవుతుంది?

మే నెల. చెరువులో పూడిక తీసే పని. ఒక ఆడకూలీకి పొద్దుటి నుంచి తలనొప్పి. పదకొండింటికి కళ్ళు తిరిగాయి. "పొద్దున ఏమీ తినలేదు, అందుకే" అనుకుంది. పన్నెండింటికి పొంతన లేకుండా మాట్లాడసాగింది. "గాలి సోకింది" అన్నారు కొందరు. "దిష్టి తగిలింది" అన్నారు ఇంకొందరు. ఇంటికి మోసుకుపోయి దిష్టి తీశారు. అప్పటికే గంట గడిచిపోయింది.

ఇలాంటిది ఏ ఊళ్ళోనైనా జరగవచ్చు. అది గాలి కాదు, దిష్టీ కాదు. వడదెబ్బ. ఆ పోయిన గంటే ప్రాణం నిలిపే గంట.

ఒంట్లో ఏం జరుగుతుంది?

రేడియోలో ఎండను డిగ్రీలలో చెబుతారు. ఆ లెక్కలో మనిషి ఒంటి వేడి 37 డిగ్రీలు. ఎండాకాలం బయటి గాలి 42, 44 డిగ్రీలకు పోతుంది. అంటే గాలి ఒంటికంటే వేడిగా ఉంటుంది. అప్పుడు ఒంటిని చల్లబరిచేది చెమట ఒక్కటే.

మట్టికుండను చూడండి. కుండ పైన తడి ఊరుతుంది. ఆ తడి ఆరుతుంటే లోపలి నీళ్ళు చల్లబడతాయి. ఒళ్ళు కూడా అంతే. చెమట ఆరితే ఒళ్ళు చల్లబడుతుంది.

చెమటతో నీరు పోతుంది, ఉప్పు పోతుంది. అవి తిరిగి ఒంట్లోకి చేరాలి. చేరకపోతే నీరసం వస్తుంది. ఒంటి వేడి పెరుగుతూ పోతుంది. 40 డిగ్రీలు దాటితే మెదడు, గుండె, మూత్రపిండాలు దెబ్బతింటాయి.

సముద్రం దగ్గర ఊళ్ళల్లో గాలిలో తేమ ఎక్కువ. చెమట పడుతుంది కానీ ఆరదు. దాన్నే ఉక్కపోత అంటారు. అందుకే అక్కడ 38 డిగ్రీల ఎండ కూడా ప్రమాదమే.

ఇది చిన్న జబ్బు కాదు

2003 ఎండాకాలంలో ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా వడగాలులకు చనిపోయారు. 2015లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపి 1,900 మందికి పైగా పోయారు. అది ప్రభుత్వం రాసిన లెక్క. జ్వరం వచ్చిందనీ, వయసు మీద పడిందనీ అనుకున్న చావులు ఆ లెక్కలోకి రావు.

అందరికీ ఒకే ఎండ. కానీ ముప్పు అందరికీ ఒకటి కాదు. పొలంలో, రోడ్డు పనిలో, ఇటుక బట్టీలో పనిచేసేవాళ్ళకు ఎక్కువ. పసిపిల్లలకు, గర్భిణులకు, ముసలివాళ్ళకు ఎక్కువ. రేకుల ఇంట్లో ఒంటరిగా ఉండే అవ్వ గడప దాటకపోయినా వడదెబ్బ తగలవచ్చు.

ఆడవాళ్ళకు ఇంకో బాధ ఉంది. పని దగ్గర మరుగు ఉండదు. ఒంటికి పోవాల్సి వస్తుందని నీళ్ళు తాగరు. ఇంటికొచ్చాక మళ్ళీ పొయ్యి దగ్గర కూర్చోవాలి. అందరూ తిన్నాక మిగిలింది తినాలి. ఎండ ఒకవైపు, దాహం ఒకవైపు, పొయ్యి ఒకవైపు. పని దగ్గర ఒక తడికె చాటు కట్టిస్తే ఆడవాళ్ళు నీళ్ళు తాగుతారు. ఆ తడికె కూడా మందు లాంటిదే.

గుర్తులు ఏమిటి?

మొదటి గుర్తులు: దాహం, తలనొప్పి, కళ్ళు తిరగడం, పిక్కలు పట్టెయ్యడం, వాంతి. మూత్రం తక్కువగా, చిక్కటి పసుపు రంగులో వస్తుంది. ఇక్కడే ఆగాలి. పని ఆపి నీడకు చేరాలి. నీళ్ళు తాగాలి.

ప్రమాదం గుర్తులు: ఒళ్ళు కాలిపోవడం, పొంతన లేని మాటలు, ఫిట్స్, స్పృహ తప్పడం. చెమట ఆగిపోవచ్చు. కానీ పని చేస్తున్నవాళ్ళకు చెమట పడుతూనే వడదెబ్బ తగలవచ్చు. "చెమట పడుతోంది కదా, ఏం కాదు" అనుకోకూడదు.

వెంటనే ఏం చెయ్యాలి?

ఒకరు 108కి ఫోన్ చెయ్యాలి. బండి వచ్చేదాకా మిగతావాళ్ళు ఊరికే చూస్తూ ఉండకూడదు.

మనిషిని నీడకు చేర్చాలి. బట్టలు వదులు చెయ్యాలి. ఒళ్ళంతా నీళ్ళతో తడపాలి. చీరకొంగుతోనో విసనకర్రతోనో గట్టిగా విసరాలి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డలు పెట్టాలి. గుడ్డ వేడెక్కితే మళ్ళీ తడపాలి.

స్పృహ ఉంటే కొంచెం కొంచెంగా నీళ్ళు తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. జ్వరం బిళ్ళ వేస్తే ఈ వేడి దిగదు. దిష్టి తియ్యాలనుకునేవాళ్ళు ఉంటే ఆసుపత్రి నుంచి వచ్చాక తీసుకోవచ్చు. ముందు నీళ్ళు, గాలి, 108.

ఇంట్లో చేసుకునే నీళ్ళు

ఒక లీటరు శుభ్రమైన నీళ్ళు. ఆరు చిన్న చెంచాల పంచదార. అర చెంచా ఉప్పు. చెంచా అంచుకు సమంగా ఉండాలి, గోపురంగా ఉండకూడదు. కలిపిన నీళ్ళు ఆ రోజే తాగెయ్యాలి. ఉప్పు వేసిన మజ్జిగ, గంజి, రాగి అంబలి కూడా మంచివే. దాహం వేసేదాకా ఆగకుండా మధ్యమధ్య తాగుతుండాలి. సారా, కల్లు మాత్రం దాహం తీర్చవు.

ఊరు ముందే ఏం చెయ్యాలి?

గుజరాత్‌లో అహ్మదాబాద్ అనే పెద్ద పట్నం ఉంది. 2010 మేలో అక్కడ ఎండ 46 డిగ్రీలు దాటింది. మామూలు మే నెలలకంటే 1,300 మంది ఎక్కువగా చనిపోయారు. 2013లో ఆ పట్నం ముందస్తు ఏర్పాటు రాసుకుంది. ఎండ ముదిరే ముందే జనానికి హెచ్చరిక. ఆసుపత్రివాళ్ళకు శిక్షణ. పేటపేటకూ మంచినీళ్ళు. ఆ తర్వాత చావులు తగ్గాయి. కొత్త మందేమీ కనిపెట్టలేదు. ముందుగా మేలుకున్నారు, అంతే.

ఆ పని ఊరు కూడా చేసుకోవచ్చు. శివరాత్రి పోయి ఎండలు మొదలవగానే మహిళా సంఘం కూర్చోవాలి. ఒక నోటు పుస్తకం తియ్యాలి. ఒంటరి ముసలివాళ్ళు ఎవరు? నెలలు నిండుతున్న గర్భిణులు ఎవరు? మంచాన పడ్డవాళ్ళు ఎవరు? వాళ్ళ పేర్లు రాయాలి. ఒక్కొక్క పేరు పక్కన రోజూ మధ్యాహ్నం వెళ్ళి చూసేవాళ్ళ పేరు రాయాలి. నిన్న మొన్న అక్షరం నేర్చిన చేతులే ఈ జాబితా రాయగలవు.

చలివేంద్రం పెట్టాలి. కుండ మీద మూత, తియ్యడానికి కాడ గరిటె ఉండాలి. కూలి పని తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండులోపు ముగించమని అడగాలి. పని దగ్గర నీళ్ళు, నీడ, మరుగు అడగాలి. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టంలోనే నీళ్ళు, నీడ ఉండాలని రాశారు. అడగడం తప్పు కాదు. రేకుల ఇళ్ళ మీద తెల్లసున్నం వెయ్యాలి, లేదా తాటాకు పరవాలి. ఇల్లు కొంత చల్లబడుతుంది.

వాతావరణ శాఖ హెచ్చరికలకు రంగులు ఉన్నాయి. పసుపు అంటే జాగ్రత్త. నారింజ అంటే సిద్ధంగా ఉండాలి. ఎరుపు అంటే ముప్పు. ఆ రంగు ఏమిటో రోజూ పంచాయతీ బోర్డు మీద ఒకరు రాస్తే, చదవలేనివాళ్ళకు ఇంకొకరు చదివి చెప్పవచ్చు.

ఎండను ఎవరూ ఆపలేరు. ఎండకు మనిషి పోకుండా ఆపవచ్చు.

నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళు ఎంతమంది?
2. కూలి పని దగ్గర నీళ్ళు, నీడ, మరుగు ఉన్నాయా? లేకపోతే ఎవరిని అడగాలి?
3. పొంతన లేకుండా మాట్లాడే మనిషికి మొదట ఏం చెయ్యాలి?
4. ఈ ఏడు మీ చలివేంద్రం ఎక్కడ పెడతారు? కుండలు ఎవరు నింపుతారు?