కామిక్-కాన్ టికెట్టుకు మా ఇంటి ఏర్పాట్లు

మన ఇళ్ళలో టికెట్టు కోసం పడే పాట్లు రెండు రకాలు. ఒకటి రైలు తత్కాల్. ఉదయం 10 గంటలకు ఏసీ తరగతులు, 11 గంటలకు మిగతావి. ఎవరి వేళ్ళు చురుకైతే వారికి బెర్తు. రెండోది తిరుమల ఆర్జిత సేవలకు తీసే లక్కీడిప్. గడువులోపల మొదటిరోజు పేరిచ్చినవారూ, ఆఖరిరోజు ఇచ్చినవారూ అక్కడ సమానమే. పిలుపు వస్తే వెళతాం, రాకపోతే దణ్ణం పెట్టుకుని ఊరుకుంటాం.

అమెరికాలోని శాన్ డియాగో నగరంలో ఏటా జరిగే కామిక్-కాన్ టికెట్ల అమ్మకం పైకి తత్కాల్‌లా కనిపిస్తుంది. లోపల మాత్రం అచ్చంగా లక్కీడిప్. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం ఆయాసం తగ్గుతుంది. పిల్లలు అమెరికాలో ఉన్న కుటుంబాలు మన సంఘంలో చాలా ఉన్నాయి గనుక, మా ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న ఏర్పాట్లు నలుగురికీ పనికొస్తాయని రాస్తున్నాను.

మా తమ్ముడు సంసారంతో లాస్ ఏంజెలెస్‌లో ఉంటాడు. వాడి కూతురు చిత్రకళ చదువుకుంది. సొంతంగా ఒక బొమ్మల కథ గీసింది. కామిక్-కాన్‌లో కొత్త చిత్రకారుల పనిని ప్రచురణ సంస్థలవారు స్వయంగా చూసే ఏర్పాటు ఉంది. అక్కడ తన బొమ్మలు చూపించాలని ఆ పిల్ల కోరిక. మేమిద్దరం వచ్చే వేసవికి వాళ్ళ దగ్గరికి వెళ్ళాలనుకుంటున్నామని తెలిసి, “పెదనాన్నా, మీరూ పెద్దమ్మా కూడా మెంబర్ ఐడి తీసుకోండి. పేర్లు ఎక్కువుంటే మనకు అవకాశమూ ఎక్కువే” అని ఫోన్ చేసింది. లెక్క నాకు నచ్చింది.

అసలు ఏమిటీ జాతర?

1970 మార్చి 21న శాన్ డియాగోలోని యు.ఎస్. గ్రాంట్ హోటల్లో షెల్ డోర్ఫ్ అనే బొమ్మల కథల అభిమాని, ఆయన మిత్రులు కలిసి ఒక్కరోజు సమావేశం జరిపారు. వచ్చినవారు సుమారు వందమంది. ఆ ఆగస్టులో మూడురోజులు జరిపితే దాదాపు 300 మంది వచ్చారు. 1991 నుంచి నగరంలోని కన్వెన్షన్ సెంటర్‌లో జరుగుతోంది. ఇప్పుడు వచ్చేవారు లక్షా ముప్ఫై వేల పైమాటే. భవనం పట్టేది అంతే, కోరేవారు అంతకు ఎన్నో రెట్లు. అందుకే ఈ తతంగమంతా.

మన తెలుగువారికి ఈ పేరు బాగా తెలిసింది 2023 జూలైలో. ప్రభాస్, కమల్ హాసన్ నటించిన ‘ప్రాజెక్ట్ కె’ చిత్రానికి ‘కల్కి 2898 ఏడీ’ అన్న పేరును జూలై 20న అక్కడే ప్రకటించారు. అక్కడి పెద్ద హాలు పేరు ‘హాల్ హెచ్’. అందులో పట్టేది సుమారు ఆరున్నర వేలమంది. కాబట్టి టికెట్టు చేతిలో ఉన్నా ఆ హాల్లో కుర్చీ దొరుకుతుందన్న హామీ లేదు. దానికి వేరే క్యూ ఉంటుంది. ముందురాత్రే వచ్చి అక్కడ పడుకునేవారూ ఉన్నారు.

బెంగళూరులో 2012 నుంచీ, హైదరాబాదులో 2013 నుంచీ, చెన్నైలో 2024 నుంచీ కామిక్ కాన్ పేరుతో ఉత్సవాలు మొదలయ్యాయి. పేరు అదే గాని నిర్వాహకులు వేరు. వాటి టికెట్లకు ఇంత హడావుడి లేదు.

వరుస ఎలా తేలుతుంది?

మొదట మెంబర్ ఐడి తీసుకోవాలి. అది లేనివారు అమ్మకంలో పాల్గొనలేరు. అమ్మకానికి ముందే దీనికి గడువు ముగుస్తుంది. ఆ వారంలో చూసుకుందాంలే అంటే కుదరదు. అమ్మకాలు రెండు. క్రితం ఏడు టికెట్టు కొని వెళ్ళినవారికి ఒకటి, అందరికీ మరొకటి. మాది రెండోది.

అమ్మకం రోజున కంప్యూటర్లో ముందుగా ‘వెయిటింగ్ రూమ్’ అనే గదిలాంటిది తెరుస్తారు. అమ్మకం మొదలయ్యే లోపల అందులో ప్రవేశించినవారందరినీ ఒక్కసారిగా కలిపి, యాదృచ్ఛికంగా వరుసలో నిలబెడతారు. గది తెరిచిన తొలి నిమిషంలో వెళ్ళినా, గడువుకు అయిదు నిమిషాల ముందు వెళ్ళినా ఫలితం ఒకటే. గడువు దాటాక వెళితే మాత్రం చోటు వెనకే.

ఒకరి వంతు వస్తే, తనతో కలిపి మొత్తం ముగ్గురికి కొనవచ్చు. మిగతా ఇద్దరి మెంబర్ ఐడి, ఇంటిపేరు తప్పు లేకుండా ఇవ్వాలి. మన ఇంటిపేర్ల సంగతి తెలిసిందే. పాస్‌పోర్టులో ఒకలా, బ్యాంకు ఖాతాలో ఒకలా, పెళ్ళయిన ఆడపిల్లలకు మరోలా ఉంటాయి. ముప్ఫై ఏళ్ళుగా కౌంటరు వెనక ఈ తగువులు చూస్తున్నవాణ్ణి. అందుకని మా నలుగురి పేర్లూ పాస్‌పోర్టులో ఉన్నట్టే నమోదు చేయించి, ఒక కాగితం మీద రాసి అందరికీ పంపాను. మా తమ్ముడి కొడుక్కి 11 ఏళ్ళు. 12 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్టు కొన్న పెద్దవారితో ప్రవేశం ఉచితం. 60 నిండినవారికి రాయితీ ఉంది గాని, నాకు ఆ భాగ్యానికి ఇంకా వ్యవధి ఉంది.

ఒకరి పేర కొన్న బ్యాడ్జిని మరొకరికి ఇవ్వడానికి వీల్లేదు, అమ్మడానికీ వీల్లేదు. బయట ఎవరైనా ఎక్కువ ధరకు ఇస్తామంటే నమ్మి డబ్బు కట్టకండి.

సమయం, సొమ్ము

అక్కడి ఉదయం 9 గంటలంటే మనకు శీతాకాలంలో రాత్రి 10-30. వాళ్ళు గడియారం గంట ముందుకు జరిపే నెలల్లో రాత్రి 9-30. గోడ మీది కేలండరులో రెండు వేళలూ రాసి పెట్టుకోవడం మంచిది.

ఇక కార్డు. రిజర్వ్ బ్యాంకు ఆదేశం ప్రకారం 2020 అక్టోబరు 1 నుంచి మన కార్డులు ఇచ్చేటప్పుడు స్వదేశంలో ఏటీఎంలకూ, దుకాణాలకూ మాత్రమే పనిచేస్తాయి. విదేశీ వాడకాన్ని ఖాతాదారే కోరి తెరిపించుకోవాలి. బ్యాంకు యాప్‌లోనే ఆ వీలుంటుంది. తీరా వంతు వచ్చాక కార్డు తిరస్కరిస్తే, ఆ కొద్ది సమయంలో ఏ బ్యాంకూ ఆదుకోలేదు. కాబట్టి నాలుగురోజుల ముందే తెరిచి, కావలసినంతకే పరిమితి పెట్టండి. విదేశీ సైట్లలో చాలాచోట్ల ఓటీపీ అడగరు. పని కాగానే మళ్ళీ మూసేయండి. డాలరు ధర మీద బ్యాంకు రుసుము కొంత అదనంగా పడుతుందని కూడా లెక్కలో వేసుకోండి.

ముందే తేల్చుకోవలసిన మాట

ఇవన్నీ చేతిపనులు. అసలు కష్టమైనది మరొకటి. ముగ్గురికే వీలైనప్పుడు నాలుగో మనిషి ఎవరు? గురువారం నుంచి ఆదివారం దాకా ఏ రోజు టికెట్టు ఆ రోజుదే. కోరిన రోజు అయిపోతే ఏ రోజుతో సరిపెట్టుకోవాలి? వంతు వచ్చాక తెర ముందు కూర్చుని మొహమాటపడితే ఉన్నవీ పోతాయి. పెళ్ళి పిలుపుల జాబితా లాగా ఇది ముందే తేలాలి.

మొన్న ఆదివారం ఫోనులో అందరం కూర్చున్నాం. మా తమ్ముడు, “అన్నయ్యా, నువ్వూ వదినా అంతదూరం నుంచి వస్తున్నారు, ముందు మీకే” అన్నాడు. మా మరదలు కూడా అదే మాట. అవతల ఆ పిల్ల ఏమీ అనలేదు. ఆ మౌనం నాకు అర్థమైంది. మాకది వినోదం, దానికది బతుకుతెరువు. మా ఆవిడ తేల్చి చెప్పింది: “మనలో ఎవరికి వంతొచ్చినా మొదటి పేరు పిల్లది. రెండోది తోడు వెళ్ళే వాళ్ళ నాన్నది. మూడోది మీ పెదనాన్నది. నాకు సముద్రం ఒడ్డున కూర్చుంటే చాలు, పిల్లవాడు నాకు తోడుంటాడు.” రోజు ఏది దొరికినా తీసుకుంటాం. దానికి ఒక్కరోజే దొరికితే మా ఇద్దరివీ వదిలేసి అయినా సరే. ఎవరు కొన్నా, కొన్న మరుక్షణం మిగతావారికి ఫోన్ చేయాలి.

నేను చిన్నప్పుడు చందమామ కోసం ఎదురుచూసి, కథ చదవకముందే బొమ్మలన్నీ తిరగేసేవాణ్ణి. ఆ పత్రిక 1947 జూలైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో మొదలైంది. విక్రమ బేతాళ కథలకు దశాబ్దాల పాటు బొమ్మలు వేసిన శంకర్ గారు 2020లో కన్నుమూశారు. బొమ్మ గీసి బతకడం ఎంత గౌరవమైన పనో ఆ పుటలు చూసి పెరిగినవాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. మా ఇంటి పిల్ల ఆ దారి పట్టిందంటే నాకు భయం కంటే సంతోషమే ఎక్కువ.

వంతు రావడం మన చేతుల్లో లేదు. వచ్చిన వంతును పోగొట్టుకోకుండా ఉండటం మన చేతుల్లోనే ఉంది. నాలుగు ఐడీలు, సరిచూసిన పేర్లు, తెరిచిన కార్డు, తేల్చుకున్న మాట మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఈసారి రాకపోతే పై ఏడు మళ్ళీ పేరిస్తాం. పిల్ల మాత్రం ఈలోగా గీయడం ఆపనంది.