గ్రీకు సలాడ్ డ్రెస్సింగ్ సూత్రం: నల్గొండ నిమ్మ, పాలమూరు పల్లినూనెతో ఇంటి వాడకం

ఆలివ్ నూనె, నిమ్మరసం లేదా ద్రాక్ష వెనిగర్, ఉప్పు, ఎండిన ఒరెగానో ఆకు. గ్రీకు సలాడ్ డ్రెస్సింగులోని ప్రధాన పదార్థాలు ఇవే. టమాట, కీరదోస, ఉల్లిగడ్డ ముక్కలపై దీనిని వడ్డించే ముందు కలుపుతారు. నూనెను, నిమ్మరసాన్ని మాత్రమే చిలికి చేసిన కలయికను గ్రీకులు లాడోలెమొనో అంటారు. 2016 అక్టోబరులో నల్గొండ జిల్లా నుంచి సూర్యాపేట జిల్లాలోకి మారిన తిరుమలగిరి వంటి మండల కేంద్రంలో ఆలివ్ నూనె సామాన్య కుటుంబానికి అందుబాటు ధరలో ఉండదు. అయితే ఈ డ్రెస్సింగులో గ్రహించవలసినది ఆలివ్ నూనె కాదు, పచ్చి కూరగాయలకు కొంత నూనెను, కొంత పులుపును జతచేసే సూత్రం. చింతపండు పులుపు, పచ్చి ఉల్లిగడ్డ, పోపు నూనె కలిసే పచ్చిపులుసు ప్రతి ఇంటా ఉన్న తెలంగాణకు ఈ సూత్రం కొత్తది కాదు.

నూనె ఎందుకు అవసరం?

క్యారెట్, టమాట, ఆకుకూరలలోని కెరోటినాయిడ్లు కొవ్వులో కరిగే పదార్థాలు. వీటిలో బీటా కెరోటిన్ శరీరంలో విటమిన్-ఎ గా మారుతుంది. అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రచురించిన అధ్యయనంలో ఏడుగురికి ఒకే రకమైన సలాడును కొవ్వు లేని, తక్కువ కొవ్వు ఉన్న, పూర్తి కొవ్వు ఉన్న డ్రెస్సింగులతో ఇచ్చారు. కొవ్వు లేని డ్రెస్సింగుతో తిన్నప్పుడు కెరోటినాయిడ్ల శోషణ దాదాపు శూన్యమైంది. నూనె పెరిగిన కొద్దీ శోషణ పెరిగింది. నూనె తగలని పచ్చి ముక్కలను మాత్రమే తినమనే సలహా అసంపూర్ణమని దీనివల్ల స్పష్టమవుతుంది.

పులుపు చేసే మేలు

నిమ్మరసంలోని విటమిన్-సి అదే భోజనంలోని పప్పు, ఆకుకూరల ఇనుమును శరీరం గ్రహించడానికి తోడ్పడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల మహిళల్లో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. నిమ్మరసం ఇనుము మాత్రలకు ప్రత్యామ్నాయం కాదు, కాని తినే ఆహారంలోని ఇనుము వృథా కాకుండా చూసే చౌకైన మార్గం. వండేటప్పుడు వేడికి విటమిన్-సి నశిస్తుంది కనుక నిమ్మరసాన్ని పచ్చిగా వాడడమే మేలు.

స్థానిక వనరులు

నకిరేకల్ పరిసరాల నిమ్మతోటలు ఈ ప్రాంతపు ప్రధాన వనరు. వేసవిలో మంచి ధర పలికే కాయ, దిగుబడి ఒక్కసారిగా వచ్చే నెలల్లో కోత కూలికి కూడా సరిపోని స్థితికి చేరుతుంది. ఇంటి వాడకం పెరిగితే కొంత కాయకైనా స్థానికంగా గిరాకీ ఏర్పడుతుంది.

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా యాసంగి వేరుశనగకు ప్రసిద్ధి. ఆలివ్ నూనెలో 55 నుంచి 83 శాతం వరకు ఉండే ఓలియిక్ ఆమ్లమే పల్లినూనెలోనూ ప్రధాన కొవ్వు ఆమ్లం. గిర్నార్ 4, గిర్నార్ 5 వేరుశనగ రకాల నూనెలో ఇది దాదాపు 80 శాతం ఉంటుంది. అందువల్ల ఆ నూనె త్వరగా ముక్కిపోదు.

ఒరెగానో ఘాటుకు కారణం కార్వక్రాల్ అనే సుగంధ ద్రవ్యం. పెరటి కుండీల్లో పెరిగే వామాకులోనూ ఇదే ద్రవ్యం ఉంటుంది. ఒరెగానో, వామాకు రెండూ తులసి కుటుంబానికి చెందినవి. వాము గింజనిచ్చే మొక్క వేరు, అది కొత్తిమీర కుటుంబానికి చెందినది.

తయారీ విధానం

నలుగురికి నాలుగు టీస్పూన్ల పల్లినూనె, రెండు టీస్పూన్ల నిమ్మరసం, పావు టీస్పూను ఉప్పు, సన్నగా తరిగిన రెండు వామాకులు, కొద్దిగా మిరియాల పొడి సరిపోతాయి. వీటిని మూత బిగించిన సీసాలో వేసి అర నిమిషం కుదిపితే నూనె సూక్ష్మ బిందువులుగా విడిపోయి రసంతో కలుస్తుంది. చిటికెడు ఆవపిండి వేస్తే ఈ మిశ్రమం మరికొంతసేపు విడిపోకుండా నిలుస్తుంది. ఉప్పు ముక్కల నుంచి నీటిని లాగుతుంది కనుక తినే ముందే కలపాలి.

ఈ కొలత ప్రకారం ఒక్కొక్కరికి సుమారు 4.5 గ్రాముల నూనె చేరుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కిలోక్యాలరీల ఆహారానికి సూచించిన 27 గ్రాముల కొవ్వులు, నూనెల్లో ఇది ఆరో వంతు. ఆ మేరకు పోపులోనో వేపుడులోనో నూనెను తగ్గించాలి. లేకపోతే మేలుకు బదులు అదనపు క్యాలరీలే మిగులుతాయి.

తప్పనిసరి జాగ్రత్తలు

హైదరాబాదు మురుగును మోసుకువచ్చే మూసీ ఉమ్మడి నల్గొండ జిల్లా గుండా ప్రవహించి వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. ఆ నీటితో పండిన ఆకుకూరలను పచ్చిగా తినకూడదు, వండుకొనే తినాలి. సలాడుకు తొక్క తీయగల కీరదోస, క్యారెట్ వంటివి మేలు. ఏ కూరగాయనైనా ధారగా పడే శుభ్రమైన నీటిలో కడగాలి.

గానుగకు ఇచ్చే ముందు బూజు పట్టిన, ముడుచుకుపోయిన పల్లి గింజలను ఏరివేయాలి. వాటిలోని అఫ్లటాక్సిన్ శుద్ధి చేయని నూనెలోకి చేరుతుంది, వంట వేడికీ పూర్తిగా నశించదు. వెల్లుల్లిని నూనెలో ముంచి గది ఉష్ణోగ్రత వద్ద నిల్వ చేయరాదు. గాలి సోకని ఆ స్థితిలో ప్రాణాంతక విషాన్నిచ్చే బొట్యులినం బాక్టీరియా పెరగవచ్చు. ఏ పూటకు కావలసిన డ్రెస్సింగును ఆ పూటే చేసుకోవడం సురక్షితం.

విస్తరణలో స్థానం

గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాల పరిధిలో మహిళా సంఘాలకు, అంగన్‌వాడీ కార్యకర్తలకు ఈ పద్ధతిని పది నిమిషాల్లో ప్రదర్శించవచ్చు. ప్రదర్శనలో మూడు విషయాలకు ప్రాధాన్యమివ్వాలి: నూనెను కొలిచి వాడడం, కూరగాయ ఏ నీటితో పండిందో తెలుసుకోవడం, పెరట్లో కరివేపాకు పక్కన ఒక వామాకు మొక్క నాటడం. నిమ్మ, వేరుశనగ సాగును గురించి రైతుకు చెప్పే శాస్త్రవేత్త, ఆ పంట రైతు కంచంలోకి ఏ రూపంలో చేరాలో కూడా చెప్పినప్పుడే ఆ సలహా సంపూర్ణమవుతుంది.