చెట్టెక్కువాని ముడిత్రాడు



తాటిచెట్టు నెక్కు గీతపనివారు, కొబ్బరికాయలు దింపువారు, ఇంటిమీదికి వ్రాలిన కొమ్మలను నఱకువారు, వీరందఱి ప్రాణములును త్రాటి పట్టు మీదనే ఆధారపడియున్నవి. ఆ పట్టును గూర్చియే నేను ఈ దినమున కొన్ని మాటలు చెప్పదలచితిని.

ఐరోపా, అమెరికా దేశములలో చెట్లపనివారు మ్రానును కౌగిలించుకొని యెక్కరు. బలమైన కొమ్మ మీదుగా ఒక పెద్దత్రాటిని వేసి, నడుమునకును తొడలకును పట్టీలు బిగించుకొని, ఆ త్రాటినే ఆధారముగా గొని యెక్కుదురు. పెద్దత్రాటి చుట్టును ఒక సన్నని త్రాటిని నాలుగైదు చుట్లు చుట్టి ముడివైచి, దాని కొనలను నడుముపట్టీకి తగిలింతురు. మనుష్యుని బరువు పడగానే ఆ చుట్లు బిగిసి పెద్దత్రాటిని పట్టుకొనును. బరువు తీసి చేతితో నెట్టినచో జరుగును. దీనిని రాపిడి ముడి యందము. ఆస్ట్రియా దేశీయుడైన కార్ల్ ప్రూసిక్ అను పర్వతారోహకుడు 1931లో ఇట్టి ముడి నొకదానిని లోకమునకు తెలియజేసెను. తరువాత చెట్లపనివారు దానినుండి పెక్కు విధములు కల్పించుకొనిరి.

మోకుతో ఎక్కువానికి ఈ ధర్మము క్రొత్తది కాదు. వాడు వెనుకకు వ్రాలినకొలది మోకు మ్రానును ఒత్తును, ఒత్తినకొలది జాఱదు. ముందునకు వంగిన బరువు తగ్గి మోకు పైకి జరుగును. అట్లే గుంజకు పగ్గమును రెండు చుట్లు చుట్టి పట్టుకొన్నవాడు పెనగులాడు ఎద్దును నిలుపగలడు. ఒక చుట్టు మన బలమును మూడున్నర రెట్లు చేసినచో, రెండు చుట్లు పండ్రెండు రెట్లు, మూడు చుట్లు నలువది రెట్లు దాటించును. చుట్లు కూడుకొనవు, హెచ్చించుకొనును. ఇదియే ముడిలోని రహస్యము.

ఇక ముడికి ఎట్టి త్రాడు కావలయును? అంగడిలో మనము మొదట అడుగు ప్రశ్న “ఇది ఎంత బరువు మోయును?” అనునది. ఆ ప్రశ్న అవసరమే. అమెరికాలోని చెట్లపనివారి నిబంధన ప్రకారము ముడిత్రాడు 5,400 పౌనులకు, అనగా సుమారు 2,450 కిలోలకు లోబడకుండ తెగని బలము గలదై యుండవలయును. డెబ్బది కిలోల మనుష్యునికి ఇంత యేల యని మీరు అడుగవచ్చును. ముడివైచిన చోట త్రాటి బలము తగ్గును. వాడుకలో అరిగి తగ్గును. కాలుజాఱి ఒక్క గజము పడి ఆగినను కుదుపు శరీరపు బరువునకు అనేక రెట్లుండును. ఇవన్నియు పోగా మిగిలినదే మనకు నమ్మకము.

అయినను బలమొక్కటే చూచి కొన్నవాడు మోసపోవును. నూతిలో చేద వడిగా జాఱునప్పుడు అరచేయి కాలుట మీరందఱు ఎఱుగుదురు. ముడికిని అదే గతి. డెబ్బది కిలోల మనుష్యుడు పదునైదు మీటర్ల ఎత్తునుండి దిగునప్పుడు పుట్టు వేడిమి సుమారు ముప్పది గ్రాముల చన్నీటిని మరగించుటకు చాలును. పెద్దత్రాటిలో క్షణక్షణమునకు క్రొత్త భాగము వచ్చుచుండును గనుక దాని వేడి పొడవునను పంచబడును. ముడిత్రాటిలో మాత్రము అదే జానెడు భాగము మొదటినుండి తుదివఱకు ఒరసికొనుచుండును. కనుక బలమునకు తోడు వేడిని తాళు గుణమును విచారింపవలయును.

ఈ విషయములో త్రాటి జాతులకు మిక్కిలి భేదము కలదు. అంగళ్లలో చవుకగా దొరకు రంగురంగుల ప్లాస్టిక్ త్రాళ్లు పెక్కు పాలీప్రొపిలీనుతో చేసినవి. అది సుమారు 165 సెంటిగ్రేడు డిగ్రీలకే కరగును. మిక్కిలి బలమైనదని పేరొందిన ఒక జాతి పాలిథిలీను 150 డిగ్రీలకు లోపలనే కరగును. పైగా నునుపుగా నుండి జాఱును. బలములో దానికి సాటి తక్కువ, కాని ముడికి అది ఒంటరిగా పనికిరాదు. నైలాను రకమును బట్టి 220 మొదలు 260 డిగ్రీల వఱకును, పాలియెస్టరు సుమారు 255 డిగ్రీల వఱకును నిలుచును. అరమిడు అను నార కరగనే కరగదు. అందలి కొన్ని రకములు 500 డిగ్రీల ప్రాంతమున గాని చెడవు. అయితే అరమిడునకు ఎండ పగ. పలుమాఱు వంచినను అది లోలోపల విఱుగును. అందుచేతనే మంచి ముడిత్రాళ్లలో అరమిడును పాలియెస్టరుతో కలిపి నేయుదురు. కొబ్బరి పీచు, నూలు త్రాళ్లు లోపల క్రుళ్లినను పైకి కనబడవు గనుక వానిని ఈ పనికి తలపెట్టరాదు.

రెండవ విచారము లావు. పెద్దత్రాడు పదునొకండు మొదలు పదుమూడు మిల్లీమీటర్ల వఱకు ఉన్నచో, ముడిత్రాడు ఎనిమిది మొదలు పది మిల్లీమీటర్ల వఱకు ఉండుట వాడుక. ముడిత్రాడు మిక్కిలి సన్ననిదైనచో కొఱికి పట్టుకొని, దిగవలసినప్పుడు విడువదు. మిక్కిలి లావైనచో పట్టక జాఱును. బిరుసైన త్రాడు చుట్లలో ఒదుగదు. మిక్కిలి మెత్తనిది బిగిసిపోవును. కాబట్టి ముడిత్రాటిని విడిగా మంచిదనియు చెడ్డదనియు చెప్పుటకు వీలులేదు. ఇది పెండ్లి సంబంధము వంటిది. ఇరువురిని కలిపి చూడవలయును. పెద్దత్రాడు మాఱినచో, లేక వానలో తడిసినచో, నిన్న నమ్మకముగా పట్టిన ముడి నేడు వేఱుగా ప్రవర్తించును.

ఆ పరీక్ష నేలకు మూరెడు ఎత్తున చేయవలసినదే గాని చెట్టు తలమీద కాదు. ముడివైచి, పట్టీలో కూర్చుండి, బరువంతయు దానిమీద వేయవలయును. పట్టినదా? చేతితో నెట్టగా జరిగినదా? విడిచిన వెంటనే మరల పట్టినదా? ఇరువదిమాఱులు ఇట్లు చేసి, ఇరువది మాఱులును ఒకే తీరుగా నడచినచో అప్పుడు పైకి చూడవచ్చును. జాఱుచున్నచో ఒక చుట్టు కలుపవలయును. విడువకున్నచో ఒక చుట్టు తీయవచ్చును. మార్చిన ప్రతిసారియు పరీక్ష మొదటినుండి జరుగవలయును. దిగునప్పుడు తొందర కూడదు. మెల్లగా దిగువానికి వేడి చల్లాఱుటకు వ్యవధి దొరకును.

త్రాడు చెడుటకు గుర్తులు కలవు. చుట్లు పడుచోట గాజువలె మెఱయుచు గట్టిపడినచో అది కరగిన గుర్తు. నలిపినప్పుడు ఒకచోట సన్నగా, మఱియొకచోట గడ్డగా తగిలినచో లోని నార చెడినదని యెఱుగవలయును. ఆమ్లము నైలానును, ఘాటైన సున్నము పాలియెస్టరును తినివేయును. నీరాకుండలకు సున్నము పూయువారు ఈ మాట జ్ఞాపకముంచుకొనవలయును. చెడిన త్రాటిని అటకమీద దాచరాదు. ముక్కలుగా కోసి పాఱవేయవలయును. లేనిచో రేపు మఱియొకడు దానిని తీసికొని చెట్టెక్కును.

2024 జులైలో తెలంగాణ ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర గీతపనివారికి రక్షణ సామగ్రి నిచ్చు పథకమును ప్రారంభించినది. ఇట్టి సామగ్రి ఏది మీ గ్రామమునకు వచ్చినను, అందొక త్రాడు అరిగినప్పుడు దానికి బదులుగా అంగడిలోని ఏదో త్రాటిని కట్టుట ప్రాణములతో చెలగాటము. ఆ పనిముట్టునకు తయారుచేసినవారు నిర్ణయించిన త్రాటినే తెప్పింపవలయును. ఈ విద్యను తెలిసినవాని దగ్గఱ నేలమీద నేర్చుకొనిన పిదపనే ఎక్కవలయును.

గ్రామపెద్దలైన మీతో నాకొక మనవి. యువకుడు ధైర్యమునకు వెఱవడు, ధరకు వెఱచును. పది రూపాయలు మిగులునని పశువులకు కట్టు త్రాటిని నడుమునకు కట్టుకొనును. వానిని అడ్డగింపనక్కఱలేదు. నాలుగు ప్రశ్నలు అడిగిన చాలును. ఈ త్రాడు దేనితో చేసినది? నీ పెద్దత్రాటికి తగిన లావేనా? నేలమీద పరీక్షించితివా? నిన్నటి పని తరువాత చేతితో తడవి చూచితివా? ఈ నాలుగింటికి తడుముకొనక బదులు చెప్పినవానిని దీవించి పంపుడు. చెప్పలేనివానిని ఆ పూటకు చెట్టుక్రిందనే నిలుపుడు. ఆ పూట కూలి నష్టమైనను మఱునాడు సంపాదించుకొనవచ్చును.